సుంకి ఘాటీ బాగానే ఎక్కుతుంది, ఇంటి ఎర్తింగే చూసుకోవాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు పాత కారును ప్రాణంలా చూసుకునేవాళ్లు ఎలక్ట్రిక్ కారు కొనాలనుకున్నప్పుడు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ‘ఘాటీ ఎక్కుతుందా?’ మే నెల మధ్యాహ్నం, సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే సుంకి కొండదారి మలుపుల్లో లారీల వెనక ఇరుక్కుని, బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, అది చల్లబడేదాకా రోడ్డు పక్కన కూర్చున్న తరానికి ఆ అనుమానం రావడం సహజం. లెక్క వేసి చూస్తే మాత్రం ఘాటీ ఎలక్ట్రిక్ కారుకు తేలికైన పని. చిక్కు వచ్చేది ఇంటి దగ్గర, షెడ్డు గోడకున్న పదిహేను ఆంపియర్ల ప్లగ్గులో.

మన దేశంలో అచ్చమైన స్పోర్ట్స్ కార్లు తయారైంది తక్కువ. గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ లాంటివాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ముచ్చట తీర్చుకోవడానికి మనవాళ్లు ఉంచుకున్నవి ఎక్కువగా హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా క్లాసిక్, 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ వీటెక్ లాంటివి. కాంటెస్సా 1984లో అంబాసిడర్‌లో ఉండే 1.5 లీటర్ల ఇంజనుతోనే వచ్చింది. ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు వచ్చాకే దానికి క్లాసిక్ అన్న పేరు, ఆ పేరుకు తగ్గ పరుగు వచ్చాయి. 2002లో తయారీ ఆగిపోయింది. సిటీ వీటెక్‌ది 1.5 లీటర్ల ఇంజనే అయినా 106 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇలాంటి బండ్లు నడిపేవాళ్లకు అలవాటైన విద్య ఇంజను నిమిషానికి తిరిగే చుట్లను సరైన చోట నిలిపి ఉంచడం. మలుపుకి ముందే గేరు దించి, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కి, బయటపడేటప్పటికి ఇంజను గొంతు పెరిగి ఉండాలి. ఎలక్ట్రిక్ కారులో ఆ విద్యకు పని ఉండదు. మోటారు నిలబడి ఉన్నప్పటి నుంచే పూర్తి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది, మార్చడానికి గేర్లే లేవు. ఇది నిజమైన లోటు. దాన్ని తక్కువ చేసి చెప్పనక్కర్లేదు.

ఇక ఘాటీ లెక్క. 2020లో వచ్చిన టాటా వారి మొదటి నెక్సాన్ ఈవీనే తీసుకుందాం. కారు బరువు 1,400 కిలోలు, నలుగురు మనుషులూ సామానూ కలిపి మరో 300 అనుకుంటే మొత్తం 1,700 కిలోలు. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు నుంచి పైకి చేరేసరికి సుమారు 750 మీటర్లు ఎక్కాలి. అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి దాదాపు మూడున్నర కిలోవాట్ గంటలు, అంటే కరెంటు బిల్లు భాషలో మూడున్నర యూనిట్లు. మోటారులో, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టరులో పోయేది కలిపితే నాలుగు. ఆ కారు బ్యాటరీ 30.2 యూనిట్లు కాబట్టి ఘాటీ ఎక్కుడు మింగేది పదమూడు శాతం. అంతకు మించి ఏమీ లేదు.

మోటారు మీద పడే భారం ఇంకా తక్కువ. ఆరు శాతం ఎక్కుడులో, లారీల వెనక గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే కావలసింది 13, 14 కిలోవాట్లు. ఆ మోటారు 95 కిలోవాట్ల దాకా ఇవ్వగలదు. పాత కారు పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. రేడియేటరుకు గాలి తగలదు, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఇంజను వేడికి పంపులోనూ గొట్టంలోనూ పెట్రోలు ఆవిరై కార్బురేటరుకు చేరదు. పైపెచ్చు ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి, కోరాపుట్ చేరేసరికి గాలిని ఒత్తి పంపే టర్బో లేని ఇంజను తన బలంలో ఎనిమిది, తొమ్మిది శాతం వదులుకుంటుంది. బ్యాటరీకి గాలితో పని లేదు.

అయితే దూరం లెక్క ముందే వేసుకోవాలి. మైదానంలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, ఏసీ వేసుకుని పోతే ఈ సైజు కారు వంద కిలోమీటర్లకు 14, 15 యూనిట్లు తాగుతుంది. సాలూరు నుంచి కోరాపుట్ సుమారు ఎనభై కిలోమీటర్లు. దారి ఖర్చు పన్నెండు, ఎక్కుడు ఖర్చు నాలుగు, మొత్తం పదహారు యూనిట్లు. ముప్పై యూనిట్ల బ్యాటరీలో సగానికి కాస్త పైనే. అందువల్ల ఆ సైజు బ్యాటరీతో సాలూరు దాటేటప్పుడు 70 శాతం ఉండటం మంచిది. విశాఖ నుంచి కోరాపుట్ దాదాపు రెండు వందల కిలోమీటర్లు కాబట్టి, చిన్న బ్యాటరీ కారు ఘాటీ ఎక్కకముందే ఒకచోట ఛార్జింగ్‌కు ఆగాలి. పైకెక్కాక చూసుకుందామనుకుంటే కుదరదు. నలభై యూనిట్లు దాటిన బ్యాటరీ అయితే జాగ్రత్తగా నడిపితే ఆగకుండానే చేరుతుంది, కాకపోతే మిగిలేది తక్కువ. బరంపురంవాళ్లకు ఈ బాధ లేదు. ఇచ్ఛాపురం మీదుగా విశాఖ దాకా పదహారో నంబరు జాతీయ రహదారి చదునుగానే పోతుంది. అక్కడ శక్తిని తినేది ఎక్కుడు కాదు, వేగం. గంటకు 80 నుంచి 100కి పెంచితే గాలి ఎదురుదెబ్బ ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

దిగుడులోనే అసలు రుచి తెలుస్తుంది. పాత కారులో ఘాటీ దిగడమంటే రెండో గేరు, మూడో గేరు మధ్య ఇంజను పట్టు మీద దిగడం, బ్రేకు కొద్దికొద్దిగా వాడటం, అయినా కింద చేరేసరికి లైనింగ్ మాడిన వాసన. బ్రేకు ఆయిల్ పాతదై నీరు పట్టి ఉంటే ఆ వేడికి మరిగి, పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. ఎలక్ట్రిక్ కారులో మోటారే జనరేటరై కారును ఆపుతుంది, దీన్నే రీజెన్ అంటారు. ఆరు శాతం దిగుడులో, 40 వేగం దగ్గర, అది తొమ్మిది కిలోవాట్ల ప్రాంతంలో కరెంటు పుట్టిస్తుంది. టైర్ల రాపిడికి, గాలికి, మోటారులో, ఇన్వర్టరులో పోయేవి తీసేస్తే సుంకి దిగుడంతా కలిపి ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు బ్యాటరీకి తిరిగి వస్తాయి. ఎక్కినప్పుడు పోయిన నాలుగులో సగం, లేదా అంతకు తక్కువే అన్నమాట. ‘దిగేటప్పుడు మొత్తం వెనక్కి వస్తుంది’ అని షోరూముల్లో వినబడే మాటను నమ్మి ప్రయాణం లెక్కలు వేయకూడదు.

ఇక్కడే కొండ మీద ఉండేవాళ్లు మరిచిపోకూడని సంగతి ఒకటుంది. బ్యాటరీ నూరు శాతం నిండి ఉంటే వచ్చే కరెంటును దాచుకోవడానికి చోటు ఉండదు. అప్పుడు కారు రీజెన్ తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. అలవాటైన పట్టు లేక, 1,700 కిలోల బరువు ఒక్కసారిగా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కోరాపుట్ నుంచి జయపురం వైపు పోయేవాళ్లకు బ్యాటరీలో కాస్త ఖర్చు పడకముందే దిగుడు తగులుతుంది. 95 శాతంతో బయల్దేరితే చాలు, ఆ దిగుడు ఇచ్చే శక్తికి అంత చోటు సరిపోతుంది. సుంకి వైపు అయితే సిమిలిగుడ, పొట్టంగి దాకా మిట్టపల్లాల్లో కొంత ఖర్చవుతుంది కనుక కోరాపుట్‌లో నిండుగా పెట్టుకున్నా ఇబ్బంది రాదు. పొట్టంగి దగ్గరే ఉండేవాళ్లు మాత్రం రాత్రి ఛార్జింగ్‌ను 90 దగ్గర ఆపుకోవాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అక్కడ చలి గట్టిగా ఉంటుంది. చల్లబడిన బ్యాటరీ కూడా రీజెన్‌ను పూర్తిగా తీసుకోదు, మొదటి అరగంట పెడల్ మీద కాలు సిద్ధంగా ఉంచుకోవాలి.

పాత అలవాటు ఒకటి వానలో ప్రమాదం తెస్తుంది. మలుపులోకి దిగాక యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయడం వెనక చక్రాలతో నడిచే కాంటెస్సాలో తోకను కొంచెం కదిలించేది, చేయి తిరిగినవాళ్లు దాన్నే వాడుకునేవాళ్లు. నెక్సాన్ లాంటి, ముందు చక్రాలతో నడిచే ఎలక్ట్రిక్ కారులో, రీజెన్ గట్టిగా పట్టే మూడో స్థాయిలో ఉన్నప్పుడు కాలు తీస్తే బ్రేకు పడేది ముందు చక్రాల మీదే. తడి రోడ్డు మీద, ఎర్రమట్టి కొట్టుకొచ్చిన మలుపులో, తిరగడానికీ ఆగడానికీ అవే టైర్లు పెనుగులాడి కారు బయటి అంచు వైపు జారుతుంది. వానలో రీజెన్ ఒకటికి దించి, మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపులో కాలు ఒక్కసారిగా తీయకుండా మెల్లగా వదలాలి. ఎలక్ట్రానిక్ అదుపు వ్యవస్థలు సాయం చేస్తాయి, కానీ టైరుకు లేని పట్టును అవి పుట్టించలేవు.

బరువు తేడాకు మంచి ఉదాహరణ టెస్లా మొదటి రోడ్‌స్టర్. 2008లో వచ్చిన ఆ కారును లోటస్ ఎలీజ్ అనే తేలికపాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఆధారంగా కట్టారు. తొలి ఎలీజ్ బరువు ఏడు వందల కిలోల పైచిలుకు. రోడ్‌స్టర్ దాదాపు 1,300 కిలోలు. అందులో బ్యాటరీ ఒక్కటే నాలుగున్నర వందల కిలోలు. ఇప్పటి ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ బరువు నేలకు దగ్గరగా ఉండటంతో కారు మలుపుల్లో అంతగా ఒరగదు, కానీ టైర్లు త్వరగా అరుగుతాయి. మన గతుకుల్లో కారు కింద ఉన్న బ్యాటరీ పెట్టెకు రాయి తగిలే భయం కూడా ఉంది. గుణుపురం, మోహనా వైపు లోపలి రోడ్ల మీద తిరిగేవాళ్లు నెలకోసారైనా కారును లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు చూడటం మంచిది. గీతలు పరవాలేదు. లోతైన నొక్కు పడినా, సీలు అంచు దగ్గర పగిలినా ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు గోడ మీది ప్లగ్గు సంగతి. ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి, ఎక్కువమంది చూడకుండా వదిలేసేదీ ఇదే. ముప్పై యూనిట్ల బ్యాటరీని పది శాతం నుంచి ఎనభైకి తేవడానికి 21 యూనిట్లు కావాలి, నష్టాలు కలిపి మీటరు మీద 24 తిరుగుతాయి. కారుతో వచ్చే చిన్న ఛార్జరు మూడు కిలోవాట్ల ప్రాంతంలో లాగుతుంది, అంటే ఎనిమిది గంటలు. గీజరు పావుగంట, మిక్సీ ఐదు నిమిషాలు వాడే ఇంటి వైరింగ్ మీద పదమూడు, పద్నాలుగు ఆంపియర్లు రాత్రంతా ఆగకుండా పారతాయి. పాత ప్లగ్గులో స్ప్రింగు వదులైనా, లోపల స్క్రూ సరిగా బిగించకపోయినా, తీగ చివర్లు మెలిపెట్టి వదిలేసినా ఆ ఒక్క చోటే వేడి పుడుతుంది. ఛార్జింగ్ పెట్టిన అరగంటకు ప్లగ్గు మీద చేయి వేసి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టి ఉంచలేకపోతే వెంటనే ఆపాలి. ప్లగ్గు తీసి చూసినప్పుడు ఒక రంధ్రం చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తే అది కరగడం మొదలైనట్టే. దాన్ని మార్చడంతో సరిపెట్టకుండా వెనక ఉన్న తీగను కూడా చూడాలి, ఇన్సులేషన్ పెళుసుబారి ఉంటుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, మీటరు బోర్డు నుంచి షెడ్డు దాకా మరే లైటూ ఫ్యానూ కలవని విడి లైన్ లాగించడం. పదహారు ఆంపియర్ల ప్లగ్గుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, భారం మించితే పడిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీ, లీకయ్యే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే పడిపోయే ఆర్సీసీబీ ఉండాలి. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జరు పెట్టుకుంటే 32 ఆంపియర్లు పారతాయి కాబట్టి 6 చదరపు మిల్లీమీటర్ల తీగ, దూరం ముప్పై మీటర్లు దాటితే 10. ముప్పై మీటర్ల దూరానికి 2.5 తీగ వేసి పదిహేను ఆంపియర్లు లాగితే దాదాపు ఏడు వోల్టులు తీగలోనే పోతాయి. సాయంత్రం ఏడింటికి 190 వోల్టులకు పడిపోయే వీధిలో ఆ ఏడు కూడా లెక్కలోకే వస్తాయి. వోల్టేజి మరీ తగ్గితే ఛార్జరు కరెంటు తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. అలాంటి వీధుల్లో రాత్రి పదకొండు తర్వాత మొదలయ్యేలా టైం పెట్టుకోవడమే మందు. స్టెబిలైజరు కొనే ముందు తీగ, జాయింట్లు చూసుకోవాలి, చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. పెద్ద ఛార్జరుకు మీటరు లోడు పెంచడానికి దరఖాస్తు పెట్టుకోవడం తప్పనిసరి. పెంచకుండా వాడితే సర్వీసు తీగే వేడెక్కుతుంది.

ఎర్తింగ్‌కు ఇంకాస్త ఓపిక కావాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. ఉన్నా కొన్నిచోట్ల దాన్ని న్యూట్రల్‌కు కట్టేసి ఉంటారు. ఇది ప్రాణాపాయం. వీధిలో న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీకే కరెంటు వస్తుంది. ఛార్జరు ఎర్త్ లేదని ఎర్రలైటు చూపిస్తే దాన్ని మోసం చేసే అడ్డదారులు వెతకకూడదు. మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూడాలి, ఛార్జింగ్ జరుగుతుండగా రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిది. ఎర్త్ నిరోధం ఐదు ఓముల లోపు రావాలి. కోరాపుట్, సునాబెడ వైపు అడుగు లోతు తవ్వితే చాలు రాయి, ఎండిన ఎర్రనేల తగులుతాయి. వానాకాలంలో నాలుగు ఓములు చూపిన ఎర్త్ గుంత ఏప్రిల్‌లో పదిహేను దాటొచ్చు. అందుకే అక్కడ ఒక కడ్డీతో సరిపెట్టకుండా, మూడు మీటర్ల ఎడంతో రెండు కడ్డీలు దించి కలిపి, చుట్టూ తేమను పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి నింపి, గుంత నోరు తెరిచి ఉంచి ఎండాకాలంలో వారానికోసారి నీళ్లు పోయించాలి. గోపాలపురం తీరం వైపు సమస్య వేరు. అక్కడ నేల తడిగానే ఉంటుంది, ఉప్పు గాలికి క్లాంపు తినేసుకుపోతుంది. ఏడాదికోసారి విప్పి, రుద్ది, గ్రీజు రాసి బిగించాలి.

కరెంటు లేనప్పుడు చిన్న జనరేటరుతో పెడదామనుకుంటే చాలా ఛార్జర్లు ఒప్పుకోవు. ఆ జనరేటర్లలో న్యూట్రల్ ఎర్త్‌కు కలిసి ఉండదు, అందుకే ఛార్జరుకు అది లోపంగానే కనిపిస్తుంది. ఇంటి ఇన్వర్టరు అంత లోడు మోయలేదు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినవి రెండూ అక్టోబరులోనే. అప్పుడు విరిగిన స్తంభాలను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తుపాను హెచ్చరిక రాగానే కారును నిండా ఛార్జ్ చేసి, ప్లగ్గు పీకి, ఎత్తైన చోట పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పిడుగులు పడే కొండ ఊళ్లలో మీటరు బోర్డులో సర్జ్ రక్షణ పరికరం పెట్టించుకోవాలి. ఛార్జరు లోపలి బోర్డు ఖరీదుతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

ఎలక్ట్రిక్ కారును తోసి స్టార్ట్ చేయలేం. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చిపోతే ఆ పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్చులు, అంటే కాంటాక్టర్లు, కలవవు, కారు కదలదు. జంప్ కేబుళ్లతో బయటి 12 వోల్టులు ఇస్తే మేలుకొంటుంది. మూడు, నాలుగేళ్లకోసారి దాన్ని మార్చేయడం మంచిది. కారు ఆగిపోతే తాడు కట్టి లాక్కుపోకూడదు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, ఇన్వర్టరు కాలే ప్రమాదం ఉంది. ఫ్లాట్‌బెడ్ లారీ కావాలి. విశాఖ, బరంపురం తప్ప దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో కొనకముందే కనుక్కోవాలి.

బ్రేకు డిస్కుల సంగతి కూడా. రీజెన్ వల్ల మామూలు బ్రేకులు పనిలేక తుప్పు పడతాయి. తీరం గాలిలో ఇది మరీ త్వరగా వస్తుంది. వారానికోసారి, ఖాళీ రోడ్డు మీద రీజెన్ సున్నాకు దించి, 60 వేగం నుంచి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే డిస్కులు శుభ్రపడతాయి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి.

పాత కారును ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. లీటరుకు తొమ్మిది, పది కిలోమీటర్లు ఇచ్చే బండికి, వంద దాటిన పెట్రోలు ధరకు కిలోమీటరుకు పది రూపాయల పైనే అవుతుంది. ఇంట్లో ఛార్జ్ చేసుకునే ఎలక్ట్రిక్ కారుకు రూపాయి అటూ ఇటూ. రోజువారీ తిరుగుడు కొత్త కారు మీద వేసి, పాతదాన్ని అమ్మకుండా ఆదివారానికి ఉంచుకోవడమే మేలైన దారి. దొరికే ధర తక్కువ, పోయే ముచ్చట ఎక్కువ. కానీ నిలబెట్టిన కారుకు ఇప్పటి పెట్రోలు శత్రువు. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. అది తేమను పీలుస్తుంది, ఇనుప ట్యాంకుకు తుప్పు తెస్తుంది, పాత రబ్బరు గొట్టాలనూ పంపు డయాఫ్రంనూ మెత్తబరిచి పగలగొడుతుంది. గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి, పంపు, కార్బురేటరు కిట్లను కొత్తవాటికి మార్పించాలి. ఇథనాల్ వల్ల పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం పలచబడి బరంపురం ఎండలో ఇంజను వేడెక్కే కారు, కోరాపుట్ ఎత్తులో కొంత కుదుటపడుతుంది. పలచటి గాలి మిశ్రమాన్ని మళ్లీ చిక్కన చేస్తుంది కనుక. కార్బురేటరులో పెట్రోలు వదిలే జెట్‌ను ఎక్కడి వాడుకను బట్టి వేయించాలో మెకానిక్‌కు చెప్పాలి.

నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచాలి, లోపల గాలి తక్కువైతే తేమ తక్కువ. పంపు గొట్టం విప్పి, ఇంజను తనంతట ఆగిపోయేదాకా నడిపితే కార్బురేటరు గిన్నె ఖాళీ అవుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి, టైర్లలో 40 పీఎస్ఐ దాకా గాలి నింపాలి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా చక్రాలకు దిమ్మలు పెట్టాలి. పక్షానికోసారి పది కిలోమీటర్లు తిప్పగలిగితే ఇవేవీ అక్కర్లేదు.

కాగితాల విషయంలో రెండు సంగతులు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దీని ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టు నుంచి 10,000. 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధన యాభై ఏళ్లు నిండిన వాహనాలకే వర్తిస్తుంది. మొదటి కాంటెస్సాలకు కూడా ఆ వయసు 2034లోనే వస్తుంది, వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకుంటే రోజువారీగా రోడ్డెక్కించడానికి వీలుండదు. రెండోది సరిహద్దు ఇళ్లకు ప్రత్యేకం. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో రిజిస్టరైన బండిని పన్నెండు నెలలు దాటి ఒడిశాలో ఉంచితే, అక్కడి నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌వోసీ) తెచ్చి ఇక్కడి నంబరు తీసుకోవాలి. పాత కారుకు ఆ కాగితాలు కదిలించేటప్పుడు ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోలకపోతే పని ఆగిపోతుంది. తుప్పు కింద దాగిన ఛాసిస్ నంబరును ముందే గుడ్డతో, కిరోసిన్‌తో మెల్లగా తుడిచి, పెన్సిలు రుద్ది ముద్ర తీసి ఉంచుకోవాలి. ఉప్పుకాగితంతో గీకితే అంకెలు అరిగిపోతాయి.